వదిన బోర్లా పడిన రోజు

మానుకోట దవాఖాన నుంచి,
మే 2021

నా సింధు తల్లికి,

ఈ కాగితం బయటకు రాదు. వార్డులోకి వచ్చింది ఏదీ ఊరికే బయటకు పోకూడదట, నాతో సహా. శాంతి సిస్టర్ దీన్ని ఫొటో తీసి నీ ఫోనుకు పంపుతానంది. అక్షరాలు వంకర పోతే నా ముక్కుకు తగిలించిన ఆక్సిజన్ గొట్టాన్ని తిట్టు. ఎంతమంది పిల్లల దస్తూరీ దిద్దిన పంతులమ్మనో మరిచిపోకు.

మమ్మల్ని పిల్లల వార్డులో పెట్టారు. గోడల నిండా ఏనుగులు, చిలకలు. చిన్న మంచాలు తీసేసి పెద్దవి వేశారు. ప్రతి తలాపుకూ ఆక్సిజన్ పైపు లాగారు. డాక్టర్లూ నర్సులూ నిలువెల్లా తెల్ల సూట్లలో ఉంటారు. ఎవరు ఎవరో తెలిసేలా గుండెల మీద పేరు రాసుకుంటారు. ఆ ఉక్కలో ఒక్కొక్కరి దగ్గరే నిలబడలేరు కనుక డాక్టర్ స్రవంతి పక్కపక్క మంచాల వాళ్లను జత కట్టింది. ఒకరికి ఆయాసం పెరిగితే రెండోవాళ్లు గంట కొట్టాలి. తెలివైన ఏర్పాటే. కానీ నాకు మీ అమ్మమ్మను జత కట్టింది. "వియ్యపురాండ్లు గదా, మంచిగ చూసుకుంటరు" అందట!

మీ తమ్ముడు హర్షిత్ పెళ్లిలో మేమిద్దరం మాట పంచుకోలేదు. ఈ కరోనా మాత్రం పంచుకున్నాం, నోటి రుచి పోవడంతో సహా.

గొడవ ఎందుకో నీకెవరూ చెప్పి ఉండరు. మరిపెడలో, మీ అమ్మ పుట్టింట్లో, నువ్వు మొదటిసారి బోర్లా పడ్డావు. బోర్లా పడితే పంచే ఆనవాయితీ కదా, మీ అమ్మమ్మ విమల బొబ్బెర గుడాలు ఉడికించి వాడంతా పంచింది. పెద్దవంగరలో ఉన్న నాకు కబురైనా చేయలేదు. నా తొలి మనవరాలి సంబరం నాకు పరాయివాళ్లు చెప్పారు. అది కోపమని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి అది ఏడుపు.

ఇప్పుడు అసలు సంగతి. ఊపిరి అందనివాళ్లు బోర్లా పడుకుంటే గాలి బాగా ఆడుతుందట. నేను పడుకుంటున్నాను. మీ అమ్మమ్మ ససేమిరా అంటోంది.

"బోర్ల పంటే అరిష్టం. సచ్చినా పండ."

"సావొద్దనే చెప్తున్నం అవ్వా" అని శాంతి మొత్తుకుంటోంది. విమల ఆక్సిజన్ అంకె దిగుతూనే ఉంది. రేపటికీ ఇట్లాగే ఉంటే వెంటిలేటర్ మిషన్ పెట్టాలంది డాక్టర్. ఇక్కడి నుంచి మిషన్‌కు పోయిన ముసలివాళ్లెవరూ తిరిగి రావడం నేనింకా చూడలేదు.

అందుకే తెల్లవారగానే నేనే ముందు మాట్లాడతాను. బతిమాలతాను. మీ నాన్నకు చెప్పకు, నవ్వుతాడు.

నీ నాయనమ్మ
కమల

*

సింధూ, బంగారు తల్లీ,

గెలిచాం. జనగామలో నువ్విక నిశ్చింతగా అన్నం తిను.

బతిమాలుదామనే లేచి కూర్చున్నాను. "వదినా" అన్నాను.

"ఏంది? నా ఊపిరి పోతుందని సంబురమా?" అంది.

ఇంకేం బతిమాలడం? నా నాలుక దాని దారిన అది పోయింది. "సంబురమే. గట్లనే ఎల్లెల్కల, ఈపు మీద పండు. నా మొఖం చూసుకుంట పండు. దినమంత ముచ్చట చెప్త, ఇను."

"నీ మొఖం చూసుడుకన్న గోడ మీది ఏనుగు నయం!" అంటూ గిరుక్కున అటు తిరిగి, దిండులో ముఖం దాచుకుని, బోర్లా పడింది!

శాంతి పరుగున వచ్చి పొట్ట కింద ఇంకో దిండు తోసింది. "గట్లనే ఉండవ్వా, కదలకు!" నా మీద పంతంతో విమల నిజంగానే కదల్లేదు. మధ్యాహ్నానికి అంకె పైకెక్కింది. డాక్టర్ స్రవంతి నవ్విందో ఏడ్చిందో, కళ్లద్దాలకు ఆవిరి పట్టి నాకు కనబడలేదు.

అయితే మెడ ఎంతసేపూ ఒకే వైపు ఉంచకూడదట. ఇటు తిప్పించారు. ఇద్దరం బోర్లా, ఎదురెదురుగా, పసిపిల్లల్లా. ఎంతసేపని కళ్లు మూసుకుంటుంది?

"పిల్ల బోర్ల పడ్డనాడు పోశాలుతోని కబురు పంపిన వదినా. నువ్వు రాకపోతివి. నేనెంత ఏడ్చిన్నో!"

పోశాలు! మీ అమ్మమ్మ వాళ్ల పాలేరు. కల్లు మండువ దాటి వచ్చి ఉండడు. ఇన్నేళ్లూ వాడి కల్లు దూప కోసం మేమిద్దరం మాటలు మానుకున్నాం!

రోజుల తరబడి అట్లాగే బోర్లా పడుకున్నాక ఇవాళ ఇద్దరినీ ఇంటికి పంపారు. విమల ముందే ఫోన్ చేసి చెప్పిందేమో, గేటు దగ్గర మీ మేనమామ రాకేష్ గంగాళంతో నిలబడ్డాడు. వార్డు వాళ్లందరికీ బొబ్బెర గుడాలు.

"గుడాలెందుకవ్వా?" అంది శాంతి.

"బోర్ల పడ్డ గద బిడ్డా!"

మొదటి పిడికెడు నా చేతిలోనే పోసింది. నోట్లో వేసుకుని "ఉప్పు తక్కువైంది" అన్నాను. ఆమె ముఖం మాడుతుందనుకున్నాను.

"రుచి తెలుస్తుందా వదినా?" అని దవాఖాన మొత్తం వినబడేలా అరిచి, నన్ను వాటేసుకుంది.

ఉప్పు తక్కువే. మళ్లీ పోయించుకున్నాను.

రుచి తిరిగొచ్చిన
నీ నాయనమ్మ