పెద్దవి ముందు, చిన్నవి చివర

మంగళవారం, రాత్రి.

అల్లుడి చెయ్యి విరగ్గొట్టాను. తప్పు చేశానని అనుకోవడం లేదు.

మా అమ్మాయి సుజాత రాసే ఫైల్‌సిస్టమ్ ప్రోగ్రాములో ప్రతి ఫైలుకీ మెమరీలో ఒక పెట్టె ఉంటుందట. ఫైళ్లు ఎక్కువైతే మెమరీ చాలక కంప్యూటరు ఆగిపోతోంది. రేపే రాజమండ్రి ఆఫీసులో చూపించాలి. పెట్టె బొమ్మ గీయమన్నాను. చిన్న అర, పెద్ద అర, మళ్లీ చిన్న అర. మధ్యలో అన్నీ సందులే.

"పెద్దవన్నీ ముందు పెట్టవే, చిన్నవి చివర ఒక్కచోట సర్దు" అన్నాను. నలభై ఏళ్లు బీరువాలు చేసినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? అలాగే మార్చింది. సందులు పోయి పెట్టె చిన్నదైంది. కంప్యూటరు ఆగలేదు.

అల్లుడిదీ కంప్యూటర్ల పనే. "మెమరీ కొందామని నేనంటే వినలేదు. ఈ వడ్రంగి ముసలాడు చెబితే మార్చేస్తావా?" అంటూ, మార్చినదంతా ఉన్న ఫ్లాపీ లాక్కుని విరవబోయాడు. చేతిలో ఉన్న, ఉలిని కొట్టే కొడతితో మణికట్టు మీద ఒక్కటిచ్చాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. అతను కిందపడి అరుస్తున్నా రెండో దెబ్బకి చెయ్యెత్తాను. సుజాత అడ్డం రాకపోతే తల మీదే పడేది. అది తలుచుకుంటేనే ఇప్పుడు నాకు భయం వేస్తోంది.

అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ, నా మొహం చూడకుండా, "పొద్దున్న బస్సుకి ఫ్లాపీ పట్టుకురా నాన్నా" అంది.

ఫ్లాపీ ఉలుల పెట్టెలో పెట్టి తాళం వేశాను. కొడతి అరుగు మీదే ఉంది. ముట్టుకోలేదు.