రాతి బంగళాలో గది

ఆదివారం రాత్రి, విడవలూరు తీరం

తెల్లదొరల నాటి రాతి బంగళాను బాగుచేసి, ఏసీలు బిగించి, టూరిస్టులకు ఇస్తున్నారు. మత్స్యకారులు పడవల దగ్గరికి పోయే దారి దీని ప్రహరీలో కలిసిపోయింది. రేపు పొద్దున దాని మీద విచారణ. పల్లె తరఫున అర్జీ రాసిపెట్టడానికి వచ్చి, బుద్ధిలేక, ఈ బంగళాలోనే గది తీసుకున్నాను. కబ్జాదారు నెత్తిన కూర్చుని కబ్జా మీద రాయడం గొప్ప పోరాటమనిపించింది!

సాయంత్రం సంతకాల కోసం వెళ్తే పల్లె పెద్ద పోలయ్య కాగితం ముట్టుకోలేదు.

"యాడ దిగినావు సామీ?"

చెప్పాను.

"ఆ గేటు దాటినోడితో పొత్తు లేదని కట్టుబాటు చేసుకున్నాం. నా అల్లుడు ఆడ తోటపనికి పోయినాడని వాడికే మంచినీళ్లు పొయ్యడంలా. నీ కాగితానికి యేలిముద్ర ఎట్టా ఏసేది?"

"నేను మీ కోసమే రాశానయ్యా!"

"ఏసీ సల్లగుండాదా అన్నా?" అంది వల బాగుచేస్తున్న ఒకావిడ. అందరూ నవ్వారు.

పెట్టె తెచ్చుకుని ఇసుకలోనే పడుకుంటానన్నాను. తప్పు మన్నించాలంటే పల్లె మొత్తం కూర్చోవాలట. సగం మంది సముద్రం మీద చేపల వేటలో ఉన్నారట. మూర్ఖత్వమని అరిచాను. అరుస్తుండగానే గుర్తొచ్చింది. బంగళాను వెలివేయండి, ఒక్కరికీ మినహాయింపు ఇవ్వొద్దని పోయిన నెల వాళ్లకు మైకులో చెప్పింది నేనే. అది నాకు మాత్రం వర్తించదనుకున్నాను.

అర్జీ కింద సంతకాల చోటు ఖాళీగా ఉంది. ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదని రేపు ఆఫీసరు రాసుకుంటాడు. పోరాడి ఓడిన ఊళ్లను చాలా చూశాను. నా మాట విన్నందుకు ఓడిపోతున్న ఊరిని ఇప్పుడే చూస్తున్నాను...