మిరపకాయల చేత్తో కన్నీళ్లు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సీరియల్ నడుస్తున్నంతసేపూ నువ్వు టీవీని తిట్టిన తిట్లు నా చెవుల్లోనే ఉన్నాయి. "పట్టుచీర కట్టుకుని అంట్లు తోమేది ఏందే? దీనికి ఇంట్లో పాత చీరే లేదా?" అనేదానివి.

మొన్న మిరప కోతలప్పుడు మన మాచవరం కల్లంలోకే సీరియల్ వాళ్ళు వచ్చారు. తొడిమలు తీసే కూలీలుగా మమ్మల్నే కూర్చోబెట్టారు. మా మధ్యలో హీరోయిన్. మొగుడు వదిలేశాడని కబురు రాగానే రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది. డైరెక్టరు ఓకే అన్నాడు. నాకు నువ్వే పూనినట్టయింది.

"ఓకే ఏంది సార్? పొద్దుటినుంచి మిరపకాయలు పట్టిన చేత్తో కళ్ళు తుడుచుకుంటే ఇంక మొగుడు గుర్తుంటాడా? మంటకి నీళ్ళు నీళ్ళు అని అరుస్తది" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "మరి మీరెట్లా తుడుచుకుంటారమ్మా?" అని అడిగాడు. మామయ్య పోయాక ఈ కల్లంలోనే కూర్చుని నువ్వెలా తుడుచుకునేదానివో, అలాగే తల వంచి భుజానికి కళ్ళు ఒత్తుకుని చూపించాను. ఆ సీను మళ్ళీ తీశారు.

నిన్న సాయంత్రం అది టీవీలో వచ్చింది. వీధిలో ఆడవాళ్ళంతా మనింట్లోనే కూర్చున్నారు. హీరోయిన్ నీలాగే తల వంచి భుజానికి కళ్ళు ఒత్తుకుంది. పక్కింటి మరియమ్మ పిన్ని అడిగింది. "మీ అత్త ఉంటే ఏమనేదే?"

"ఏమీ అనేది కాదు పిన్నీ. ఈ ఒక్క సీను నోరు మూసుకుని చూసేది" అన్నాను.