ఫోటోలో పుట్టిన చారలు

మంగళవారం

పొద్దున బాపు కనుబొమల మీద కూడా దూది నూగు కనిపించింది. మరమగ్గం సాంచాను ఆపి, కొత్త డిజైన్‌తో నేసిన బట్టను వెలుగుకు పట్టి తప్పు వెతుకుతున్నాడు. నిన్న ఫోన్‌లో పంపిన ఫోటో నిండా వంకర చారలు ఉన్నాయని, ఈ బట్ట వద్దని కరీంనగర్ సేటు అన్నాడట. చేత్తో తడిమి చూశాను. బట్టలో ఒక్క చారా లేదు.

"సాంచా తప్పు కాదు బాపూ. కెమెరాల సన్నసన్న గడులుంటయి. ఒక్కో గడి దాని మీద పడ్డ వెలుగును కొలుస్తది. మన పోగులు గూడ గా గడులంత సన్నగ పడితే, రెండు వరుసలు కలవక లేని చారలు కనవడ్తయి."

"రెండు పల్చటి బట్టలు మీదమీద ఏసినట్టా? పొద్దుగాల్నుంచి సాంచాను ఉత్తగనే తిట్టిన గదనే!"

బట్టకు బాగా దగ్గరగా జరిగి మళ్ళీ ఫోటో తీశాను. పోగులు పెద్దగా పడ్డాయి, చారలు పోయాయి. సేటుతో మాట్లాడే ధైర్యం చాలక, కారణమంతా రాసి, ఫోటోతో పాటు పంపాను. నమ్ముతాడో లేదోనని సాయంత్రం దాకా ఫోన్ చూస్తూనే ఉన్నాను.

రేపు బట్ట పట్టుకుని రమ్మన్నాడు సేటు. బాపుతో నేనూ వెళ్తాను.

ఆ బట్ట మీది డిజైన్ గీసింది నేనే.