దేశం నెమ్మదిగా ఉండింది

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజే నీ మనవరాలు అన్వి, ఇక్కడ జాన్సన్‌విల్ బడిలో విజయనగరం రాజుల గురించి మాట్లాడింది. దానికి నువ్వు బతికుండగా ఫోన్‌లో రికార్డు చేసి పంపిన పాఠమే ఆధారం. నేను దాన్ని ఎప్పుడూ పూర్తిగా వినలేదు.

కొత్త వంశం వచ్చాక దేశం చాలా స్లోగా ఉండేదని అన్వి ఇంగ్లిష్‌లో చెప్పింది. క్లాసంతా నవ్వింది. ఎందుకు స్లో అని టీచర్ అడిగితే, అది వెనక కూర్చున్న నావైపు చూసింది. నేను లేచి, అప్పట్లో రోడ్లు బాగుండేవి కావని చెప్పాను.

కారెక్కాక అన్వి అంది: "మమ్మీ, తాత రోడ్స్ అనలేదు. పీపుల్ బాగా నిద్రపోయారు అన్నాడు."

అప్పుడు నీ పాఠం పెట్టి విన్నాను. "సంగమ వంశం పోయి సాళువ వంశం వచ్చినాక దేశం నెమ్మదిగా ఉండింది పాపా. కొట్లాటలు అణిగినాయి. జనం కంటినిండా నిద్రపోయిరి."

నీ నోట నెమ్మది అంటే శాంతి. నా నోట అన్వి విన్నదల్లా "నెమ్మదిగా తిను, నెమ్మదిగా నడువు". సిగ్గుతో దాని ముఖం చూడలేకపోయాను.

ఆఖరిసారి ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగితే, "ఇప్పుడు నెమ్మదిగా ఉందమ్మా" అన్నావు. "ఇంకా నెమ్మదేంటి నాన్నా, డాక్టర్ని మార్చు" అని విసుక్కున్నాను.

ఊరందరి పిల్లల తప్పులూ దిద్దిన చరిత్ర మాస్టారివి. నా తప్పు మాత్రం దిద్దలేదు. "సరేలేమ్మా" అన్నావు.