తాళంచెవి ఎవరి దగ్గర?

ఎమ్మిగనూరు,
శుక్రవారం.

అమ్మకు నీ కూతురు కృప వందనాలు.

దేవుని దయవల్ల నాన్న, నేను ఇక్కడ బాగున్నాం. ఒంట్లో బాగున్నాం అని అర్థం చేసుకో, మిగతాది కింద రాస్తాను. మిరపచేలల్లో ఆ ఘాటుకు, ఎండకు తట్టుకుని నువ్వు, రూత్ వదిన, మన వీధివాళ్లందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

రూత్ వదినతో నువ్వు రాయించిన ఉత్తరం జీపు నడిపే బజారన్న మొన్న తెచ్చి ఇచ్చాడు. ఆయన రేపు పొద్దున మళ్లీ కూలీలను ఎక్కించుకుని మీ దగ్గరికే వస్తున్నాడు, అందుకని హడావిడిగా రాస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మీ మేస్త్రి ఫోనులో నేను హలో అంటే చాలు, గుడిసెలన్నీ చుట్టూ చేరతాయి. నువ్వు కూడబలుక్కుని చదువుకునేటట్టు అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. ఈసారి వదిన చేతికి ఇవ్వకుండా నువ్వే చదువు.

నాన్న దగ్గు గురించి అడిగావు. కొంచెం తగ్గింది. ఆదోని యార్డుకు పత్తి బోరాలు మోయడానికి పోతూనే ఉన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకో నాన్నా అంటే, "కట్టుకుంటే ఊపిరాడదు, కట్టుకోకుంటే దగ్గు. నన్నేం జేయమంటావు పాపా?" అని నా మీదికే వస్తాడు. నల్లమేక ఈనింది. పిల్ల గంతులు చూస్తే నీకు నవ్వు ఆగదు.

"రోజంతా ఆ కంప్యూటర్ ముందర కూసోని ఏం జేస్తాండావే?" అని కూడా రాయించావు. ఆ మాట నీ గొంతుతోనే వినిపించిందిలే. ఫోనులో దారి చూపిస్తుందే పటం, అట్లాంటివి మేమే తయారు చేయడం నేర్చుకుంటున్నాం. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితం. లోపల ఎట్లా రాశారో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. మాకు పాఠం చెప్పేది శ్రీరక్ష మేడం. ప్రతి వారం ఆన్‌లైన్ చర్చలో ఆమె ఒక ప్రశ్న పెడుతుంది. బుధవారం లోపల మనం చేసింది అక్కడ పెట్టాలి. ఆదివారం లోపల ఇంకో ఇద్దరి పని చూసి మన మాట రాయాలి. రాయకపోతే ఆ వారం మనం లేనట్టే లెక్క.

మొదట్లో నేను పెట్టినవాటికి ఒక్కరూ పలకలేదమ్మా. బెంగళూరు వాళ్లు, హైదరాబాదు వాళ్లు ఒకరికొకరు వాహ్వా అని రాసుకునేవాళ్లు, నాది అట్లాగే పడి ఉండేది. ఏడుపొచ్చేది. ఇంతలో ఒక వారం మేడం, "మీ ఊరి గురించి ఏ పటంలోనూ కనబడని సంగతి ఒకటి చూపించండి" అని అడిగింది. నాకు వెంటనే మన సుగ్గి గుర్తుకొచ్చింది. సగం వీధి ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల బడి మాన్పించి కోతలకు వలసపోతుంటే అది ఏ పటంలో ఉంది చెప్పు?

వీధి అంతా తిరిగి తాళం వేసిన ప్రతి ఇంటికీ పటంలో ఒక ఎర్రచుక్క పెట్టాను. చుక్క మీద నొక్కితే ఆ ఇంటి సంగతి కనబడుతుంది. "దేవేంద్రప్ప ఇల్లు. అందరూ సుగ్గికి పోయినారు. ఉగాదికి వస్తారు. తాళంచెవి లక్ష్మక్క దగ్గర." అన్నిటికీ ఇట్లాగే రాశాను. మన దగ్గర మూసిన ఇంటి గురించి ఎవరడిగినా తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పకుండా మాట ముగించం కదా. నా చెయ్యి కూడా ఆగలేదు.

ఆ వారం చర్చంతా నా పటం గురించే. విష్ణు అని మంత్రాలయం వైపు అబ్బాయి దాన్ని నకలు తీసుకుని, రంగులు మార్చి ఇంకా బాగా చేసి పెట్టాడు. అది దొంగతనం కాదమ్మా, ఒకరి పని ఇంకొకరు తీసుకుని బాగుచేయడమే ఈ చదువులో పద్ధతి. మేడం అందరి ముందూ మెచ్చుకుంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. వాట్సాప్‌లో నాకు తెలిసిన ప్రతి గ్రూపుకూ ఆ లింకు పంపించాను. సంతోషి అనే ఆమె మాత్రం, "ఈ ఇళ్లవాళ్లను అడిగే పెట్టారా?" అని రాసింది. నాకు తిక్కరేగింది. "మా వీధి సంగతి మాకు తెలీదా?" అని జవాబిచ్చాను.

ఇంక నువ్వడిగిన చివరి మాట. "లక్ష్మక్క తాళంచెవి ఇచ్చి ఇల్లు దోచి పెట్టించిందంట, నిజమేనా?"

జరిగింది ఇది. మధ్యాహ్నం పూట ఎవడో బైకు మీద వచ్చాడు. "అక్కా, దేవేంద్రప్ప ఇంటి తాళంచెవి నీ దగ్గరే ఉందంట గదా. మిక్సీ తెమ్మని పంపించినాడు" అన్నాడు. లక్ష్మక్క ఇచ్చేసింది. వాడు మిక్సీతో పాటు మందుకొట్టే మిషను, ఇత్తడి బిందెలు, పాప కాళ్లగొలుసులు తీసుకుని పోయాడు. తాళం మళ్లీ వేసి, చెవి ఆమె చేతికే ఇచ్చి పోయాడమ్మా, ఎంత ధైర్యం!

"తాళంచెవి యాడుండాదో తెలిసినోడు బయటోడు ఎట్ల అవుతాడప్పా? మనోడే అనుకొని ఇచ్చినా" అని లక్ష్మక్క తల బాదుకుంది. ఆ ఇంటాయన తమ్ముడు వీధిలో నిలబడి, "నువ్వు సెప్పకుంటే వానికెట్ల తెలిసింది?" అని ఆమె మీద మీదికి పోయాడు. ఒక్కరూ అడ్డం పోలేదు. నేనూ అక్కడే ఉన్నాను, చేతిలో ఫోను పట్టుకుని. సోమవారం ఆమెను ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయి ప్రమాణం చేయిస్తారట.

అమ్మా, లక్ష్మక్క ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.

వాడు నా పటం చూసే వచ్చాడని సాక్ష్యమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని చూశాను. కుదరలేదు. మన వీధిలో ఆయన్ను దేవేంద్రప్ప అని ఎవరు పిలుస్తారు? పుట్టినప్పటి నుంచి అందరికీ బుడ్డన్నే కదా. ఆ పేరు ఆయన రేషన్ కార్డులో ఉంది, నా చుక్కలో ఉంది. ఆ రోజే పటం తీసేశాను. అడిగితే విష్ణు కూడా తనది తీసేశాడు. ఎందుకని అతను అడిగితే ఊరికే అన్నాను. ఇంకెంతమంది దగ్గర నకలు ఉందో నాకు తెలియదు. మిగతా ఇళ్ల తాళంచెవుల సంగతీ అందులో ఉంది. బైకు చప్పుడు వినబడితే చాలు వాకిట్లోకి పరుగెత్తుతున్నాను.

నాన్నకు ఇంకా చెప్పలేదు. ఆయన కొడతాడని కాదు. ఆడపిల్లను చదివించినందుకు బాగా అయిందని వీధి వీధంతా ఆయన్ను అంటుందని భయం. అంతకంటే నీ గురించి ఎక్కువ భయం. బుడ్డన్న పెండ్లాంతో ఒకే సాలులో కాయ కోస్తున్నావు, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నావు. రేపటి నుంచి వాళ్లు నీతో ఎట్లా ఉంటారో.

నిన్న సాయంత్రం లక్ష్మక్క మనింటికి వచ్చింది. మిగతా ఇళ్ల తాళంచెవులన్నీ కొంగులో మూట కట్టుకుని తెచ్చింది. "ఇంగ ఇవి నాకొద్దు పాపా. నీ దగ్గర పెట్టుకో. నువ్వు సదువుకున్న పిల్లవి, నిన్నయితే అందురూ నమ్ముతారు" అంది. నేను చెయ్యి చాపి తీసుకున్నానమ్మా.

ఆదివారం ప్రార్థన అయినాక అందరి ముందూ చెబుదాం అనుకున్నాను. కానీ అప్పటిదాకా ఆ ముసలామె తిట్లు తింటూ ఉండాలా? ఇప్పుడే పోతాను. తాళంచెవులు ఆమె చేతిలో పెట్టి, సంగతంతా చెప్పి, సోమవారం ఉరుకుందకు పోవలసింది నేనని వీధిలో నిలబడి అరుస్తాను. నువ్వు బుడ్డన్నకు, ఆయన పెండ్లాంకు నీ నోటితోనే చెప్పు. లక్ష్మక్క తప్పు లేదు, నా బిడ్డ చేసింది అని చెప్పు. వాళ్లు ఏమన్నా ఎదురు మాట్లాడొద్దమ్మా.

ఇట్లు,
నీ ముఖం ఎట్లా చూడాలో తెలియని నీ కూతురు
కృప