చంపుతానన్న ఆ వాక్యం

ఆసిఫాబాద్, 4 ఫిబ్రవరి 1962
రాజేశం టైపు మిషను కొన్నాడు. కోర్టు ముందు చింతచెట్టు కింద, సరిగ్గా నా బల్ల పక్కనే పెట్టాడు. పదహారేళ్లుగా ఇక్కడ అర్జీలు రాస్తున్నాను. ఇప్పుడు జనం ఆ టకటకలు వినడానికే వరస కడుతున్నారు. అతనికి అర్జీ రాయడం నేర్పింది నేను. రెండేళ్లు నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. కడుపు మండుతోంది. దాచేదేముంది, ఇది చదివేది నేనొక్కణ్ణే.

9 ఫిబ్రవరి
పొద్దంతా ఈగలు తోలుకున్నాను.

11 ఫిబ్రవరి
రాజేశం మా ఇంటికి వంకాయలు తెచ్చిచ్చాడట. "మంచోడే గద, నిన్ను సుత అడిగిండు" అంది మా ఆవిడ. నా ఇంట్లో కూడా అతనే మంచివాడు... ఆ కూర ముట్టనన్నాను. ఆకలికి ఆగలేక తిన్నాను. బాగుంది. అదింకా మంట.

17 ఫిబ్రవరి
ఉట్నూర్ నుంచి సోము వచ్చాడు. నిజాం కాలం నుంచీ నా దగ్గరే రాయించుకునేవాడు. నాకు రాం రాం చెప్పి, పోయి రాజేశం ముందు కూర్చున్నాడు. మిషను మీదైతే జల్దీ అవుతుందట.

ఇక నాకేం కనబడలేదు. కలం చెక్కే చాకు చేతిలోనే ఉంది. లేచాను. "ఇంకొక్క కాయిదం కొట్టినవంటే నీ వేళ్లు నరుకుత" అన్నాను. అందరూ విన్నారు. మిషను ఆగింది. ఎంత హాయిగా ఉందో — సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను.

2 మార్చి
సమను వచ్చింది. రాజేశం నేరుగా మెజిస్ట్రేటుకే ఫిర్యాదు పెట్టాడు. బెదిరింపు నేరం. ఊరికే బెదిరిస్తే రెండేళ్ల దాకా, చంపుతానని బెదిరిస్తే ఏడేళ్ల దాకా పడొచ్చని వకీలు చెప్పాడు. శిక్ష పడితే అర్జీలు రాసే లైసెన్సు పోయినట్టే. నాకు ఇంకో పని రాదు.

5 మార్చి
వకీలు ఫిర్యాదు నకలు ఇచ్చాడు. "చాకు చేతబట్టి, ఇవాళ కాకున్న రేపైనా నిన్ను చంపి తీరుతానని పదిమంది ఎదుట బెదిరించినాడు."

అట్లా అనలేదు. వేళ్లన్నాను. ప్రాణం మాట ఎత్తలేదు. కానీ ఆ వాక్యం నాకు తెలుసు... అది నాది. గట్టు తగాదా అయినా, మేక పోయినా, ఫిర్యాదు గట్టిగా ఉండాలని చివర అదే తగిలించేవాణ్ణి. అవతలివాడు నిజంగా అన్నాడా అని ఏనాడూ అడగలేదు. రాజేశానికి నేర్పిన మొదటి పాఠం కూడా అదే. ఒక్క అక్షరం మార్చలేదు. టైపులో నా రాత కంటే అందంగా ఉంది. దానికీ కుళ్లుకుంటున్నాను.

8 మార్చి
అందరి ఫిర్యాదుల్లో ఉండే మాటేనని, నేనే నేర్పానని కోర్టులో చెప్పమంటున్నాడు వకీలు. ఏడేళ్ల గండం తప్పుతుందట. ఎట్లా చెప్పను? ఆ మాట మీద జైలుకు పోయినవాళ్లున్నారు. సోము తమ్ముడు జంగు కూడా. భూమి తగాదాలో అవతలివాళ్ల కోసం అతని మీద ఫిర్యాదు రాసింది నేనే. ఆరు నెలలు పడింది. అది నా రాతేనని సోముకు తెలియదు.

రాజేశం సాక్షి కూడా సోమే.

14 మార్చి
బల్ల వేయలేదు. మిషను చప్పుడు ఇంటిదాకా వినిపిస్తున్నట్టే ఉంది. వినబడేంత దగ్గర కాదు, తెలుసు.

20 మార్చి
రేపు కోర్టులో పేషీ. సోము ముందే ఊళ్లోకి వచ్చాడు, నేరుగా మా ఇంటికి. గడపలోనే కూర్చున్నాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది.

"నేను ఉన్నదే చెప్త మున్షీ సాబ్. వేళ్లు నరుకుతన్నవు. చంపుతనని అనలే."

బతికానని మనసులో అనుకున్నాను. చెయ్యి పట్టుకోబోయాను.

"మా జంగు సుత గట్లనే అనలే. ఒట్టు పెట్టి చెప్పిండు. ఎవ్వలు ఇనలే" అన్నాడు.

చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్లాడు. పిలుద్దామనుకున్నాను. గ్లాసు తీసి లోపల పెట్టాను.

రాజేశం మీద మంట తగ్గలేదు. ఇప్పుడింకో రకంగా. అతను ఆ వాక్యం రాసింది చాకు పట్టుకుని లేచినవాడి మీద. జంగు చేతిలో ఏమీ లేదు.

21 మార్చి, పొద్దున
సోము చింతచెట్టు కింద కూర్చుని ఉంటాడు. జంగు మీద ఆ మాట రాసింది నేనేనని కోర్టు తెరిచేలోగా చెబితే చెప్పినట్టు. చెబితే నా తరఫున నోరు విప్పుతాడా... చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ ఎదురొస్తానంటోంది —